కొట్టెయ్యని వాక్యం

ఇన్‌కంటాక్సు నోటీసు మా ఆయన ఫోన్‌కి వచ్చింది. గోవిందయ్య సున్నపురాయి క్వారీలో డ్రిల్లరు. రాయికి భయపడడు గానీ కాగితం చూస్తే వణుకుతాడు. రెండేళ్ల కిందట పీఎఫ్ సొమ్ము రెండు లక్షల నలభై వేలు తీశారు, ఐదేళ్ల సర్వీసు నిండలేదు, ఆదాయంలో చూపలేదు, పదిహేను రోజుల్లో జవాబు చెప్పండి అని అందులో ఉంది.

తీసింది నిజమే. పెన్షన్ ఖాతాలోకి మారుద్దామనుకున్నాం. ఫారంలో బ్యాంకు నంబరు అడిగితే చేతికందిన పాస్‌బుక్కు చూసి నేనే రాశాను. అది మా డ్వాక్రా గ్రూపుది. లీడర్ని కాబట్టి నా దగ్గరే ఉంటుంది. సొమ్ము గ్రూపు ఖాతాలో పడింది. నాలుగో రోజున, క్వారీ వాళ్ల పీఎఫ్ సొమ్ము చూసే ట్రస్టుకే తిప్పి పంపేశాం, మార్పిడీ రద్దయింది. టాక్సు వాళ్లకు సొమ్ము బయటికొచ్చిన సంగతే తెలుసు, తిరిగి వెళ్లిన సంగతి తెలియదు.

"కట్టేద్దాం లేవే. బర్రెను అమ్ముదాం," అన్నాడు మా ఆయన.

"ఊరుకోవయ్యా. మనం తినని సొమ్ముకి పన్నేంది?"

మాచర్లలో ఆన్‌లైన్ పనులు చేసే శ్రీహర్ష నోటీసు చదివాడు. "పిన్నీ, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే చాలదు. ఎందుకు వెనక్కి పంపారో అప్పుడే రాసుకున్న కాగితం ఉందా?"

ఉంది. జీవరత్నం దగ్గర ఉంది. అదే నా ఖర్మ.

గ్రూపు తీర్మానాలు రాసేది జీవరత్నం. ఆ సొమ్ము పంపేటప్పుడు, "లీడరు నాగులమ్మ పొరపాటున గ్రూపు ఖాతా నంబరు ఇచ్చినందున" అని పుస్తకంలో రాసింది. ఆ ముక్క కొట్టెయ్యమని బతిమాలాను, తర్వాత తిట్టాను. వినలేదు. అందరి ముందూ నా పరువు తీసిందని అప్పటినుంచీ దానితో మాటల్లేవు.

నేను వెళ్లేసరికి వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. శ్రీహర్ష తీసిచ్చిన నోటీసు ప్రింటు చేతికిచ్చాను. చదివి, లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. ఆ పేజీలో తేదీ, పదకొండు మంది సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి.

"ఆ రోజు నీ మాట విని కొట్టేసుంటే ఇయ్యాల నీ గతేంది?" అంది.

ఏడుపొచ్చేసింది. "తిట్టవే రత్నం. ఇంకా తిట్టు."

"తిట్టటానికి చానా ఉంది. ముందు కూర్చుని కాయలు అందుకో."

శ్రీహర్ష ఆ పేజీ జతచేసి జవాబు పంపాడు. నెలన్నరకు ఉత్తరం వచ్చింది. కట్టవలసింది ఏమీ లేదట.

తర్వాతి మీటింగులో నేనే లేచి, రెండేళ్లు జీవరత్నంతో మాట్లాడకపోవడం లీడరు తప్పని తీర్మానం రాయమన్నాను. నవ్వకుండా రాసింది. మొదటి సంతకం నేను పెట్టాను.