పటాలావిడ ముఖం

మహనీయులంతా చిన్నప్పుడు ఒకేలా ఉంటారు. బుద్ధిగా చదువుకుంటారు, దెబ్బ తగిలిన పిట్టకి నీళ్ళు పట్టిస్తారు, చచ్చినా అబద్ధమాడరు. పిల్లల బొమ్మల పుస్తకాలకి పద్దెనిమిదేళ్ళుగా మాటలు రాస్తున్నాను కాబట్టి ఇలా అనే హక్కు నాకుంది. బొమ్మలు మా ఆవిడ వేస్తుంది. ఒక్కో మహనీయుడికి ఇరవై నాలుగు పేజీలు. ఎవరూ చనిపోకూడదు, చివరి పేజీలో నవ్వాలి. ప్రచురణకర్త పెట్టిన నియమం అది.

ఈసారి మా వంతుకి పటాలావిడ వచ్చింది. ఎప్పుడో ఒక నది పొడవునా కొలత గొలుసు పట్టుకుని నడిచి, వరదకి మునిగే ఊళ్ళన్నిటినీ పటంలోకి ఎక్కించిన మనిషి. ఆవిడ ఫోటో ఒక్కటే దొరికింది. ముసలితనంలోది, అదీ సగం ముఖం కళ్ళజోడే. చిన్నప్పటి ముఖం దొరకనప్పుడు బొమ్మలు వేసేవాళ్ళు ఎవరో ఒక పిల్ల ముఖం అరువు తెచ్చుకుంటారు. మామూలుగా పక్కింటి పిల్లలు పనికొస్తారు.

మూడో పేజీ చూడగానే గుర్తుపట్టాను. ఒక కాలు మడిచి దాని మీద కూర్చుని పెన్సిలు కొరుకుతోంది మా అమ్మాయి. తొమ్మిదేళ్ళప్పుడు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. పోయి ఐదేళ్ళయింది.

నేనేమీ అడగలేదు, మా ఆవిడా చెప్పలేదు. కానీ రోజూ టీ చల్లారిపోతున్నా తన బల్ల చుట్టూనే తచ్చాడేవాణ్ణి. తొమ్మిదో పేజీలో మా అమ్మాయికి పదహారేళ్ళు వచ్చాయి. పన్నెండో పేజీలో ఉద్యోగం వచ్చింది. పదిహేడులో చెంపల దగ్గర జుట్టు నెరిసింది. నాకు పట్టరాని సంతోషంగా ఉండేది. నేను మాత్రం తక్కువ తిన్నానా? పటాలావిడకి పాల మీద మీగడంటే అసహ్యమని రాసి పారేశాను. ఆవిడ సంగతి నాకేం తెలుసు? అసహ్యం మా అమ్మాయికి.

అచ్చుకి వెళ్ళే ముందు ఎడిటరమ్మ ఒక పెద్దావిడని వెంటబెట్టుకుని వచ్చింది. పటాలావిడ మేనకోడలట. ఎనభై దాటాయి, ఒళ్ళో పాత ఆల్బమ్. పేజీలన్నీ నిదానంగా తిప్పి చూసింది.

"బాగున్నాయమ్మా. కానీ ఈ పిల్ల మా అత్త కాదు."

ఆల్బమ్ తెరిచింది. వెడల్పాటి ముఖం, చప్పిడి ముక్కు, కలిసిన కనుబొమలు. మా అమ్మాయితో ఏ పోలికా లేదు.

"ఎవరమ్మా ఈ పిల్ల?"

"మా అమ్మాయండీ," అంది మా ఆవిడ. "ఇప్పుడు లేదు."

ఎడిటరమ్మ తల దించుకుంది. నేను ఊరుకోలేకపోయాను. "చదివేది పిల్లలండీ. ముక్కు ఎలా ఉంటే వాళ్ళకేం? ఇలాగే ఉండనివ్వండి," అని సిగ్గు విడిచి బతిమాలాను.

పెద్దావిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే పోట్లాడేవాణ్ణి.

"మా అత్తకి పిల్లల్లేరు బాబూ. ఆవిడ ముఖం గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ పోయాక ఇంక మీ బొమ్మల్లో ఉన్న ఈ ముఖమే కదా ఆవిడది?"

మా ఆవిడ చెయ్యి చాపి ఆల్బమ్ అందుకుంది. "వారం రోజులివ్వండి," అంది.

పేజీలన్నీ మళ్ళీ వేయక్కర్లేదు. పల్చటి కాగితం మీద కొత్త ముఖం వేసి, అంచు వెంట కత్తిరించి, పాతదాని మీద అతికిస్తే చాలు. అచ్చులో అతుకు కనబడదు. మా ఆవిడ చివరి నుంచి మొదలుపెట్టింది. డెబ్బై ఏళ్ళ ముఖం మూసేసింది, తర్వాత యాభై, తర్వాత ముప్పై. మా అమ్మాయి మళ్ళీ చిన్నదవుతూ వచ్చింది. నేను పక్కన కూర్చుని మీగడ వాక్యం కొట్టేశాను. ఏడుపు ఆగలేదు.

మూడో పేజీ దగ్గర తన చేతులు ఆగిపోయాయి. కత్తిరించిన ముఖాన్ని నా అరచేతిలో పెట్టింది.

"ఆసుపత్రిలో దాని ముఖం మీదికి దుప్పటి లాగింది నేనే. మీరు బయట వరండాలో ఉండిపోయారు. ఇది మీరు చెయ్యండి."

నిజమే. ఆ రోజు లోపలికి వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది. జిగురు రాశాను. మా అమ్మాయిని కళ్ళారా చూసుకుని, పటాలావిడ ముఖం దాని మీద పెట్టాను. ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకోవాలి. పట్టుకున్నాను.