యానిస్ కోటు, స్వరూప చలికాలం

నేను ఒక ఉన్ని కోటుని. మోకాళ్ళ కిందికి దిగే, ముదురు బూడిదరంగు మగవాళ్ళ కోటుని. లాత్వియా రాజధాని రీగాలో ఒక ముసలి దర్జీ చేతుల్లో పుట్టాను. నన్ను కుట్టించుకున్న యానిస్ రేవులో క్రేన్ నడిపేవాడు. పొడగరి, వెడల్పు భుజాలు. చాలా ఏళ్ళు అతని ఒంటి మీద ఉండి సముద్రపు గాలి తిన్నాను.

యానిస్ పోయాక అతని భార్య వెల్టా నన్ను తలుపు వెనక కొక్కేనికి అలాగే ఉంచుకుంది. తుంటి ఎముక విరిగి ఆమె ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఇల్లు సర్దడానికి వచ్చిన కూతురు నన్ను పాతబట్టల కొట్టుకు ఇచ్చేసింది. అమ్మ దిగులు తగ్గుతుందనుకుంది పాపం. దిగులు బట్టల్లో ఉంటుందని మనుషులకు ఒక నమ్మకం.

ఆ కొట్లోనే స్వరూప నన్ను కొనుక్కుంది. కొత్తగూడెం నుంచి ఇంజనీరింగ్ పైచదువుకు వచ్చిన పిల్ల. ఇంటి నుంచి తెచ్చుకున్న స్వెట్టరు మొదటి చలికే చేతులెత్తేసింది. నాలో ఆమెతో పాటు ఇంకో మనిషికి కూడా చోటుంటుంది. ఆ రోజే అక్క సునీతకు వీడియో కాల్ చేసి నన్ను చూపించింది. తల్లి పోయాక స్వరూపను పెంచింది ఆ అక్కే. ఇప్పుడు ఆమెకు నెలలు నిండుతున్నాయి.

"ఏందే అది? ఎలుగుబంటి లెక్క ఉన్నవ్!"

"నవ్వకే అక్కా. దీంట్ల జొరబడితే మనింట్ల ఉన్నట్టే ఉంటది."

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె నన్ను విప్పలేదు. కాలరు పైకి లాక్కుని, గదిలోనే అలా కూర్చుండిపోయింది.

ఆమెతో క్లాసులకు వెళ్ళాను, లైబ్రరీకి వెళ్ళాను. హాస్టల్ ఉమ్మడి వంటగదిలో తలుపు మీద వేలాడాను. యానిస్ కాలంలో నాకు పొగాకు వాసన ఉండేది. స్వరూప చారు పోపు పెట్టిన నాలుగు రోజులకే ఎండుమిరపకాయ, ఇంగువ నా పోగుపోగునా దూరాయి. లిఫ్టులో పక్కవాళ్ళు ముక్కు ఎగబీల్చి, మర్యాదగా పైకప్పు చూసేవారు.

జనవరి పరీక్షల మధ్యలో సునీతకు కొడుకు పుట్టాడు. మర్నాడు పొద్దున ట్రామ్‌లో కూర్చుని స్వరూప ఆ పసివాడి ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూసుకుంటోంది. కన్నీళ్ళు నా మీద రాలుతున్నాయి.

ఎదురు సీట్లో చేతికర్రతో ఒక ముసలామె. వెల్టా! ఆమె చూస్తున్నది స్వరూపను కాదు, నన్ను. వంగి నా కుడిజేబు అంచు తిప్పింది. లోపల తన పాత గౌను ముక్కతో తనే వేసిన గళ్ళ మాసిక ఉంది.

"యానిస్," అంది.

స్వరూప బెదిరిపోయింది. వచ్చీరాని లాత్వియా భాషలో, "నేను కొన్నాను," అంది.

"తెలుస్తోందమ్మా. ఇది మా ఆయనది. నేను ఎవరికీ ఇవ్వలేదు."

స్వరూపకు ఆ మాత్రం అర్థమైంది. బయట మంచు కురుస్తోంది. ఆమెకు వేరే కోటు లేదు. అయినా లేచి గుండీలు విప్పి, నన్ను ఆ ముసలామె ఒడిలో పెట్టింది.

వెల్టా నాలో ముఖం దాచుకుంది. నాకు సిగ్గేసింది. యానిస్ వాసన నేను నిలుపుకోలేకపోయాను. ఆమె గాఢంగా ఊపిరి పీల్చి, గట్టిగా తుమ్మింది. ఏడుస్తూనే నవ్వింది.

"ఏం వండుకుంటావే నువ్వు?"

అంతలో చలికి గగుర్పొడిచిన పిల్ల చేతులు ఆమె కంటపడ్డాయి. కర్ర పక్కన పెట్టి లేచి, నన్ను స్వరూపకు తొడిగి, కోప్పడుతూ మెడదాకా గుండీలు పెట్టింది. ఎందుకేడుస్తున్నావని అడిగింది. స్వరూప ఫోటో చూపించింది.

"మా అక్క కొడుకు."

"దూరమా?"

"చాలా దూరం."

"మా ఆయన కూడా," అంది వెల్టా.

అప్పటి నుంచి ఆదివారాలు స్వరూప ఆమె ఇంటికి వెళ్ళేది. ఆమె సూపు కాచేది, ఈమె చారు పట్టుకెళ్ళేది. కొక్కేనికి ఉన్నంతసేపూ నేను యానిస్ కోటుని, సాయంత్రం గుమ్మం దాటితే స్వరూప కోటుని. స్వరూప వెల్టాను ఒమీతె అని పిలిచేది. అమ్మమ్మను అక్కడ అలా పిలుస్తారు.

చదువు పూర్తయింది. వేసవిలో స్వరూప వెళ్ళిపోయే రోజు వచ్చింది.

"కోటు తీసుకుపో," అంది వెల్టా.

"మా ఊళ్ళో దీన్ని తొడుక్కుంటే జ్వరమనుకుని ఆస్పత్రికి తీసుకుపోతారు ఒమీతె."

వెల్టా నవ్వి, అటు తిరిగి, కడిగిన కప్పునే మళ్ళీ కడగసాగింది. స్వరూప నన్ను కొక్కేనికి తగిలించి, కాసేపు నా చేయి పట్టుకుని నిలబడి, వెళ్ళిపోయింది.

మొదటి మంచు పడిన రోజు వెల్టా నన్ను తనే తొడుక్కుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు అలా. నా చేతులు ఆమె వేళ్ళు దాటి వేలాడాయి. మెల్లగా నడిచి ట్రామ్ స్టాపులో బల్ల మీద కూర్చుంది. ట్రాములు వచ్చాయి, పోయాయి. ఆమె ఏదీ ఎక్కలేదు. పుస్తకాల సంచులతో పిల్లలు దిగినప్పుడల్లా మెడ చాచి ఒక్కొక్కరినే చూసింది. నా భుజాల మీద మంచు పేరుకుంటోంది.

ఇంటికి పోదామని నాకూ అనిపించలేదు.