సేవ గుణం ఉన్న పిల్ల

శనివారం వచ్చిందంటే దబీర్‌పురాలోని ఆ రెండు గదుల ఇంట్లో తెల్లారకముందే ఉల్లిగడ్డల ఘాటు. చర్చి తరఫున కాన్పుల దవాఖాన గేటు దగ్గర బగారా అన్నం పంచే సేవ కృపాకర్‌ది. అంటే, పొట్లాలు చేతికి అందించేది ఆయన. ఉల్లిగడ్డలు కోసేది, బియ్యం కడిగేది, గంజు కింద మంట చూసేది, చివరికి ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసేది ఆయన భార్య రూప. ఆమె చేసేదానికి సేవ అని ఎవరూ పేరు పెట్టలేదు, ఇంటిపని అన్నారు. పొద్దెక్కేసరికి చర్చి గ్రూపులో ఫొటో వస్తుంది. పొట్లం అందిస్తూ కృపాకర్, కింద వరసగా దండాల బొమ్మలు. వారమంతా డిపోలో బస్సుల కింద పడుకుని పనిచేసే మనిషి, ఉన్న కాస్త తీరిక కూడా పేదలకే ఇస్తాడని పాస్టరయ్య మెచ్చుకుంటాడు. అదీ నిజమే. ఆయన చెడ్డవాడేం కాదు. రూపకు ఒళ్లు మండేది అందుకే. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేది.

ఒక శనివారం చొక్కా అందిస్తూ రూప అడిగేసింది.

"ఒక్కసారి నేను గూడ పోతనండి. లోపల వార్డుల కాసేపు కూసోనొస్త."

"మరి అమ్మను ఎవలు చూస్తరు?"

"గీ ఒక్కపూట మీరు చూడరాదా."

కృపాకర్ నవ్వాడు. కోప్పడినా బాగుండేది. "ఇంట్ల అమ్మకు చేసేది సేవ కాదా రూపా? దేవుడు చూస్తలేడా?"

దేవుడు చూస్తూనే ఉన్నాడు. మంచం పట్టిన అత్త సత్తెమ్మను పక్కకు తిప్పేటప్పుడు మాత్రం ఒక చెయ్యి వెయ్యడం లేదు.

ఆ దవాఖాన లోపలి దారులు రూపకు మొగుడికన్నా బాగా తెలుసు. పెళ్లికి ముందు చర్చి ఆడపిల్లలతో కలిసి ఆమె శనివారాలన్నీ అక్కడే గడిచాయి. తోడెవరూ లేకుండా కాన్పుకొచ్చిన ఆడవాళ్ల పక్కన కూర్చోవడం వాళ్ల పని. ఒకసారి జల్‌పల్లి నుంచి బేబీ అని ఒకామె ఆటోలో ఒక్కతే వచ్చింది. నొప్పి వచ్చినప్పుడల్లా రూప వేళ్లు నలిగేలా పట్టుకుని, వయసులో తనే పెద్దదైనా "పోకు అక్కా" అంది. ఆ సాయంత్రం కందిపోయిన వేళ్లు చూసుకుని రూప ఎంత సంతోషపడిందో, తర్వాత తన పెళ్లినాడు కూడా అంత పడలేదు. ఆ వార్డులోనే రూప, చుట్టాన్ని చూడ్డానికొచ్చిన సత్తెమ్మ కంట పడింది. "సేవ గుణం ఉన్న పిల్ల" అని మెచ్చి, కొడుక్కి అడిగింది. పెళ్లయ్యాక మొదటి శనివారం రూప చెప్పులేసుకుంటుంటే ఆ సత్తెమ్మే, "గిప్పుడు నీకు నీ ఇల్లున్నది గద బిడ్డా" అంది. కొన్నాళ్లకు సత్తెమ్మకు ఒక పక్క పడిపోయింది. ఏ గుణం చూసి కోడలిని తెచ్చుకుందో, ఆ గుణం అప్పటినుంచి ఆ మంచం దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ వార్డుకు ఆడబిడ్డ స్వీటీ వెళ్తోంది. ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి పోనిస్తున్నారు. ఎవరికి ఏ బిడ్డ పుట్టిందో, ఎవరు తన చెయ్యి వదల్లేదో వచ్చి చెప్తుంటే, రూప చేస్తున్న పని ఆపేసి ఆకలిగా వింటుంది.

మర్నాడు ఆదివారం ప్రార్థన అయ్యాక ఉస్మాన్‌గంజ్ నుంచి స్వీటీని చూడ్డానికి వచ్చారు. పిల్లవాడు సాగర్‌కు కిరాణా హోల్‌సేల్ దుకాణంలో పని. రూప అత్తను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, అందరికీ చాయ్ ఇచ్చింది. సాగర్ తల్లి ఉన్నమాటే చెప్పింది.

"మా అత్త మంచం పట్టింది. నాకు మోకాళ్ల నొప్పులు, నాతోని అయితలేదు. మీ పిల్ల దవాఖానల మస్తు సేవ చేస్తదని పాస్టరయ్య చెప్పిండు. గందుకే వచ్చినం."

సత్తెమ్మ ముఖం విప్పారింది. "నేను చెప్పుడెందుకు, మా కోడల్ని అడుగుండ్రి."

అందరూ రూప వైపు తిరిగారు. తల వంచుకున్న స్వీటీ కూడా చెవులు ఇటే పెట్టింది. అనాల్సిన మాట రూప నాలుక మీదే ఉంది. తనను ఈ ఇంటికి తెచ్చిన మాటే అది. అనేస్తే సంబంధం కుదురుతుంది, అత్త మెచ్చుకుంటుంది, ఉస్మాన్‌గంజ్‌లో ఇంకో మంచం పక్కన స్వీటీ శనివారాలు తెల్లారిపోతాయి.

"అది సేవేం కాదమ్మా" అంది రూప. "ఆడ కూసునుడు ఆమెకు ఇష్టం, గందుకే పోతది. ఇంట్ల మంచం మీదోళ్లకు చేసుడు మా స్వీటీకి రాదు. చెయ్యది గూడ."

వాళ్లు చాయ్ సగంలోనే వదిలేశారు. ఫోన్ చేస్తామని వెళ్లి, మళ్లీ చెయ్యలేదు.

కృపాకర్ మొదటిసారి గొంతు పెంచాడు. "నా చెల్లె బతుకు మీద నీకు గింత కుళ్లేంది?"

సత్తెమ్మ అరవలేదు. కూతురితో నెమ్మదిగా చెప్పింది. "ఇష్టానికి పోతున్నవంట గద. సంబంధానికి అక్కరకు రాని తిరుగుడు మనకెందుకు బిడ్డా. ఇగ పోకు."

స్వీటీ గోడ వైపు తిరిగి ఏడ్చింది. రూప నోరు తెరిచింది ఆ పిల్లకు ఆ శనివారాలు మిగల్చాలనే. అవే పోయాయి. ఓదార్చడానికి చెయ్యి చాపితే స్వీటీ విదిలించుకుంది.

మళ్లీ శనివారం వచ్చింది. తెల్లారకముందు ఉల్లిగడ్డల ముందు ఈసారి ఇద్దరు కూర్చున్నారు. వారమంతా మాట్లాడని స్వీటీ, కత్తి ఆపకుండానే అడిగింది.

"వదినా, గా వార్డును నువ్వు ఎన్ని దినాలకు మర్చిపోయినవ్?"

రూప ఇంకో ఉల్లిగడ్డ తీసుకుని పొట్టు ఒలిచింది.

"ఇంకా మర్చిపోలే" అంది.