పెన్సిల్ అంకెలు

ఐదు అలలు ఎంత ఎత్తుకు లేచాయో, ఎంత కిందికి దిగాయో చూసి, మధ్యకు లెక్క కట్టి, మెట్టు మీద వంగినవాడు వంగినట్టే పుస్తకంలో అంకె వేశాడు. ఉదయం ఆరు గంటలు, రెండు మీటర్ల పద్దెనిమిది సెంటీమీటర్లు. సిరా ఆరేదాకా ఊది, పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

సముద్ర పరిశోధన కేంద్రంలో అతన్ని అందరూ అంగుళం బాబాయ్ అంటారు. చొక్కా కుట్టించుకున్నా, కిటికీకి తెర కొన్నా అంగుళం దగ్గర పేచీ పెట్టే మనిషి. అరవైకి రెండేళ్లు తక్కువ. ఎండకు కమిలిన మెడ, ఎప్పుడూ పైకి మడిచిన ప్యాంటు, ఉప్పునీటికి పగిలిన మడమలు. నీళ్లలో పాతిన కొలబద్ద మీద రోజుకు మూడుసార్లు మట్టం చదవడం అతని పని. ముప్పై ఒక్క ఏళ్లలో ముప్పై నాలుగు వేలకు కాస్త తక్కువ అంకెలు. సరుకు నికార్సయినదే, కానీ కొనేది ఒక్క ప్రభుత్వమే. మూడేళ్లకోసారి గ్రాంటు ఇస్తే కేంద్రం నడుస్తుంది. ఇవ్వకపోతే ఎనిమిది మంది ఇళ్లకు పోవాలి. వాళ్లలో మొదటివాడు అతనే. యంత్రం ఉండగా మనిషెందుకన్న మాట నాలుగేళ్లుగా వినపడుతూనే ఉంది.

ఆ రోజు పదకొండింటికి గ్రాంటు కమిటీ నుంచి తనిఖీకి వస్తున్నారు.

ఆఫీసులో టైపు చేసే అమ్మాయి అతన్ని చూడగానే కాగితం ఊపింది. "బాబాయ్, దరఖాస్తు నిండా నీ గొప్పే. విను. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక్క పూట కూడా తప్పని కొలతలు."

"ఇంకా?"

"అన్నిటికన్నా ఎక్కువ మట్టం నాలుగు మీటర్ల పన్నెండు. ఆ పెద్ద గాలివాన రోజుది. దీన్ని బట్టే ఊరి ముందు గోడ ఎంత ఎత్తు కట్టాలో తేలుస్తారట. చూశావా నీ అంకె విలువ?"

అతను సగం తాగిన టీ గ్లాసు కిటికీలో పెట్టి బయటికి నడిచాడు.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. కూతురికి జ్వరం తలకెక్కితే నాలుగు రోజులు ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. అదే వారంలో గాలివాన. తిరిగొచ్చేసరికి కొలబద్ద ఒరిగిపోయి ఉంది, గట్టు గోడ మీద తడి చార ఉంది. ఆ చారను బట్టి ఊహించి పన్నెండు గడులూ నింపాడు. దాచిందేమీ లేదు. చూసింది పెన్నుతో, ఊహించింది పెన్సిల్‌తో వేయాలన్నది అప్పటి పెద్దసారు పెట్టిన పద్ధతి. పెన్సిల్‌తోనే వేశాడు, ఆయనకు చెప్పాడు కూడా. ఆయన పోయి పదేళ్లయింది. ఎనిమిదేళ్ల కింద ఈ అమ్మాయి వచ్చి పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. కంప్యూటర్‌కు పెన్నూ పెన్సిలూ ఒకటే. అమ్మాయి అడగలేదు, అతనూ అటు తొంగి చూడలేదు.

పదకొండు దాకా గట్టు మీద అటూ ఇటూ నడిచాడు. నోరు మూసుకుంటే ఎనిమిది కొలువులు నిలుస్తాయి. విప్పితే ఒక గోడ సరైన ఎత్తుకు లేస్తుంది, బహుశా. ఎటు తూచినా త్రాసు నిలవలేదు.

తనిఖీకి వచ్చినావిడ నెరిసిన జుట్టు ముడి వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నాచు మెట్లు దిగింది. వెనకే డైరెక్టరు మేడం. పన్నెండింటి అంకె అతను వేస్తుంటే ఆవిడ పక్కనే నిలబడి చూసింది.

"గాలివాన రోజు కూడా ఇక్కడే నిలబడ్డారా? ప్రాణం మీద తీపి లేదా మీకు?" అంది నవ్వుతూ.

డైరెక్టరు మేడం కూడా నవ్వింది. అతను పెన్నుకు మూత పెట్టాడు.

"లేనండి ఆ రోజు. పాపకు బాగోక ఆసుపత్రిలో ఉన్నాను. ఆ నాలుగు పన్నెండు నేను చూసింది కాదు. గోడ మీద తడి చూసి వేసింది. అల ఎగిరి కొట్టిన తడో, నిలిచిన నీళ్లో నాకు తెలీదు."

ఆవిడ పాత పుస్తకం తెప్పించుకుని, ఆ పేజీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూసింది.

"మిగతావన్నీ పెన్నేనా?"

"పెన్నేనండి."

ఆవిడ పుస్తకం మూసి అతని చేతికిచ్చింది. కారెక్కి వెళ్లిపోయింది.

డైరెక్టరు మేడం మొహం వాడిపోయింది. "ఇన్నేళ్లు నోట్లో నాలుక లేనట్టున్నారు, బాబాయ్ గారూ. ఇవాళే విప్పాలా?"

"ఇవాళేగా అమ్మా అడిగారు."

ఇంట్లో భార్య అన్నం వడ్డిస్తూ సంగతంతా విని, "రేపు వెళ్లిపొమ్మంటే?" అంది.

"పోదాం. నీళ్లు నా కోసం ఆగుతాయా?"

"నీళ్లు ఆగవు, సరే. నువ్వు మాత్రం ఇంట్లో కూర్చుని నా పప్పు డబ్బాలు కొలిచి చంపుతావు."

నవ్వబోయి దగ్గాడు. ఛాతీ పట్టేసినట్టుందన్నాడు. పడుకోమంటే ఆరింటికి అంకె ఉందని లేచాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ టైపు అమ్మాయి గట్టు మీదికి వచ్చింది. పెన్సిల్ సంగతి అడక్కుండా ఎక్కించినందుకు తన మీద కోపమేమోనని అడుగుదామనుకుంది. అతను కుర్చీలో కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కొలబద్ద వైపే చూస్తున్నాడు. రెండుసార్లు పిలిచింది. మూడోసారి భుజం మీద చెయ్యి వేసి తీసేసింది.

డాక్టరు వచ్చి ప్రాణం లేదనడం, భార్య రావడం, మోసుకెళ్లడం అయ్యేసరికి ఆరున్నర దాటింది. ఆరింటి గడి ఖాళీగా ఉంది. డైరెక్టరు మేడం ఒక్కతే మెట్లు దిగి, గోడ మీద తడిని చాలాసేపు చూసింది. అతని సంచి అడుగున వెతికి పెన్సిల్ తీసి, పదమూడో పెన్సిల్ అంకె వేసింది.

రెండు నెలలకు గ్రాంటు వచ్చింది. నాలుగు పన్నెండును లెక్కలోంచి తీసేయాలని, ఊహించిన అంకెలన్నిటినీ విడిగా చూపాలని షరతు పెట్టారు. టైపు అమ్మాయి ముప్పై ఒక్క ఏళ్ల పుస్తకాలూ పేజీ పేజీ ఏటవాలుగా పట్టుకుని వెతికింది. పదమూడుకు మించి దొరకలేదు.

పెన్సిల్ ఇప్పటికీ ఆ సంచిలోనే ఉంది. చెక్క నల్లబడింది, దాని మీది అక్షరాలు చెరిగిపోయాయి. పొడవు మాత్రం కొన్ననాటికన్నా గోరంత తక్కువ, అంతే.