నాలుగు గోలీల బాబాయ్

మందుల షాపు షట్టర్ సగం లేచేసరికే బాబాయ్ నడుం వంచి కిందినుంచి లోపలికి దూరిపోయాడు. బట్టతల మీద దుమ్ము రాలితే అరచేత్తో తుడుచుకుని కౌంటర్ వెనక తన చోట నిలబడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే చోటు. ఎవరైనా వచ్చి మూలిగితే చాలు, కత్తెర తీసి యాంటీబయాటిక్ షీటులోంచి నాలుగు గోలీలు చటుక్కున కోసిచ్చేవాడు. జలుబుకి నాలుగు, గొంతునొప్పికి నాలుగు, కాలి పుండుకీ నాలుగే. అందుకే వీధంతా ‘నాలుగు గోలీల బాబాయ్’ అనేది. ఆ పిలుపుకే అతని కడుపు నిండిపోయేది.

ఆర్నెల్ల కిందట ఫార్మసీ చదివిన అమ్మాయి పక్కన చేరింది. అప్పట్నుంచి ఆ కడుపే మండుతోంది.

"జలుబుకి ఇది పనిచెయ్యదు పెద్దమ్మా. ఇది బ్యాక్టీరియాని చంపే మందు. జలుబేమో వైరస్‌తో వస్తుంది" అంటుంది నవ్వుతూ. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వదు. అయినా జనం ఆమె ముందే బారులు తీరతారు! బాబాయ్ ముందు ఫ్యాను గాలి తప్ప ఎవరూ ఆగడం లేదు.

మధ్యాహ్నం ఆటో డ్రైవరు కుంటుకుంటూ వచ్చాడు. బాబాయ్ మొహం వెలిగింది. సొంత మనిషి! కత్తెర అందుకున్నాడు. డ్రైవరు అతన్ని దాటుకుని అమ్మాయి దగ్గర ఆగాడు.

"బాబాయ్ కోసిచ్చిన నాలుగూ మింగానమ్మా. తగ్గినట్టే తగ్గి మళ్ళీ చీము పట్టింది. డాక్టరుగారు నాలుగు చీవాట్లు పెట్టి ఇది రాశారు."

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు అంటుంది, అందరి ముందూ కడిగేస్తుంది అనుకున్నాడు.

ఆమె అతని వైపైనా చూడలేదు. "మీకు పడని మందేదైనా ఉందా అన్నయ్యా? లేదుగా? పొద్దునొకటి, రాత్రొకటి, ఏడు రోజులు. అన్నం తిన్నాకే వేసుకోండి. కడుపులో తిప్పొచ్చు, విరేచనాలు కావొచ్చు. ఎక్కువైతే డాక్టరుకి చెప్పండి. దద్దుర్లొచ్చినా, మొహం వాచినా, ఆయాసమొచ్చినా ఆపేసి ఆస్పత్రికి పరిగెత్తాలి. పుండు మానిపోయింది కదా అని మధ్యలో మానెయ్యకండి, పద్నాలుగూ అయిపోవాలి."

"నువ్వు చెప్తుంటేనే సగం తగ్గిందమ్మా!"

ఆ మాట ఒకప్పుడు బాబాయ్‌కి దక్కేది. తిట్టినా బాగుండేది. తిట్టకుండా వదిలేసిందే, అది మరీ కాలింది.

సాయంత్రం ఓనరు దగ్గరకెళ్ళి "మోకాళ్ళు పట్టేస్తున్నాయయ్యా, రేపట్నుంచి రాలేను" అన్నాడు. ఓనరు నోరు తెరిచేలోగా మెట్లు దిగిపోయాడు.

మర్నాడు అమ్మాయి అతని సొరుగు తీసింది. అడుగున మందు డబ్బా చింపిన అట్టముక్క ఒకటి, అంచులు నలిగి ఉంది. దాని మీద వంకర అక్షరాలతో ఆమె మాటలే: అన్నం తిన్నాకే. దద్దుర్లొస్తే ఆపాలి. మధ్యలో మానకూడదు. అన్నిటికన్నా కింద, రెండుసార్లు గీత గీసి: నవ్వుతూ చెప్పాలి.