బాతుల కోసం మూసిన నోరు

బాపురావు గొంతు గురించి ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఆయన తన ఎద్దును అదిలిస్తే పక్క ఊరి ఎద్దు కూడా కదులుతుందని వెక్కిరిస్తారు. అలాంటి మనిషిని కూతురు సంజన ఒక ఆదివారం పొద్దున నోరు మూసుకుని ఉండమంది. ఆయన సరేనన్నాడు. కూతురు అడిగితే కాదనే ధైర్యం ఆయనకు ఎప్పుడూ లేదు.

సంగతేమిటంటే, చలికాలంలో పోచంపాడ్ జలాశయం నీళ్లు వెనక్కి తగ్గగానే బయటపడే నల్లరేగడిలో బాపురావు శనగ వేస్తాడు. అది శిఖం భూమి, అంటే సర్కారు ముంపు నేల. పట్టా ఉండదు, పంట పోతే అడగడానికి దిక్కూ ఉండదు. ఆ ఏడు వానలకు సోయా కుళ్లిపోయింది, పసుపుకు తెగులు తగిలింది. ఇంటిల్లిపాది ఆశా ఆ రెండెకరాల శనగ మీదే. సరిగ్గా దాని మీదికే దిగాయి బాతులు. తల వెనక రెండు నల్లచారలు, నారింజ రంగు కాళ్లు, మంచుకొండలు దాటి ఎగిరొచ్చిన అలసట ఎక్కడా కనబడని దర్జా. తెల్లవారుతూనే మందగా దిగి, పెళ్లి బంతిలో కూర్చున్నట్లు వరసగా మేసి పోతున్నాయి. పళ్లెం మోగించినా లెక్కచేయడం లేదు. బాపురావు ఆర్మూరు పోయి పటాకులు కొనుక్కొచ్చాడు.

నిజామాబాద్‌లో డిగ్రీ చదివే సంజనకు పక్షుల పిచ్చి. ఈ మాట చెవిన పడగానే అరువు కెమెరా మెడలో వేసుకుని ఊరికి పరుగెత్తుకొచ్చింది.

"బాపు, నీ కాల్మొక్త, ఆదివారం దాక పటాకులు ముట్టియ్యకు. మా పక్షుల గ్రూపోళ్లు వస్తున్నరు. గంత దగ్గరికెల్లి గా బాతుల ఫోటో నాకు మల్ల జన్మల దొర్కదు."

"నీకు ఫోటో, వాటికి బువ్వ. నాకేం మిగుల్తది బిడ్డా, మట్టా?"

"ఒక్క ఆదివారం. నేను చెయ్యి లేపేదాక నువ్వు సప్పుడు చెయ్యొద్దు. అటెన్క నీ ఇష్టం."

పొయ్యి దగ్గరున్న తల్లి హన్మవ్వ నవ్వింది. "గీయన నోరు మూసుకుంటె నేను గూడ ఒక ఫోటో తీస్త."

ఆదివారం మసక చీకట్లోనే కార్లు వచ్చి ఆగాయి. బృందానికి పెద్ద రాజేంద్రప్రసాద్. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర చెరుకు పండించే కుటుంబం ఆయనదని సంజన తండ్రికి ముందే చెప్పింది. చేతిలో మోచేతి పొడవు లెన్సు.

"నమస్తేనండీ బాపురావుగారూ. పక్షుల కోసం పొలమే వదిలేశారు, ఎంత మంచి మనసండీ మీది!"

తానేమీ వదల్లేదని చెప్పబోయి, సంజన కళ్లు చూసి బాపురావు ఊరుకున్నాడు.

అందరూ ఒడ్డు వెంట సాళ్లలో బోర్లా పడుకున్నారు. బాతులు ఇంకా నీళ్ల మీదే ఉన్నాయి. ఎదురుచూసే మనిషికి చెయ్యి ఊరుకోదు కదా. రాజేంద్రప్రసాద్ కెమెరాకు కన్ను ఆనించి ఉండగానే, చేతికందిన శనగ మొక్కను పీకి, కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. ఆయన్ను చూసి పక్కవాడు, వాడిని చూసి ఆ పక్క అమ్మాయి. బాతులు రాకముందే ఒడ్డు సాలు బోడిదైపోయింది.

"అయ్యా..." అన్నాడు బాపురావు.

రాజేంద్రప్రసాద్ పెదవుల మీద వేలు పెట్టాడు. "ష్! బెదిరిపోతాయండీ."

బాపురావుకు ఒళ్లు మండిపోయింది. తన పొలంలో, తన శనగ తింటూ, తనకే ష్ అంటారా! కేక గొంతు దాకా వచ్చింది. సంజన వైపు చూశాడు. బురదలో బోర్లా పడుకుని, మీట మీద వేలుపెట్టి, ఊపిరి కూడా గట్టిగా తీయడం లేదు పిల్ల. కేకను మింగేశాడు. చేసేది లేక తానూ పొట్ట మీద పాకుతూ ఒక్కొక్కరి చేతిలోంచి మొక్కలు లాక్కోవడం మొదలుపెట్టాడు. ఒకమ్మాయి నవ్వుతూ ఒట్టి తొక్కలు చేతిలో పెట్టింది.

అలా పాకుతుండగానే నెత్తిన రెక్కల చప్పుడు. మంద వచ్చి ఆయన ఎదుటే వాలింది. బాపురావు ఉన్నచోటే బిగుసుకుపోయాడు. పెద్ద బాతు ఒకటి మెడ నిక్కించి ఆయన్ను ఒంటికంటితో పరీక్షగా చూసింది. వీడితో భయం లేదనుకుంది కాబోలు, వంగి ఒక కొమ్మను శుభ్రంగా తుంచుకుంది.

ఆయనకు కోపం రావాలి. రాలేదు. ఎంత దూరం నుంచి వచ్చిందో, ఎంత ఆకలి మీద ఉందో అనిపించింది. ఇన్నాళ్లూ వాటిని తరుముతూ వెనక నుంచే చూశాడు. ముఖం చూడటం ఇదే మొదలు.

కెమెరాలు టకటకలాడాయి. కాసేపటికి సంజన చెయ్యి లేపింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి పుటుక్కుమని చప్పుడైంది. రాజేంద్రప్రసాద్ ఇంకో మొక్క పీకాడు.

బాపురావు లేచి నిలబడ్డాడు. పొద్దున్నుంచి మింగినదంతా ఒక్కసారే బయటికొచ్చింది.

"ఓ సారూ! గవి తింటె తిన్నయి. మంచుకొండలు దాటి, రెక్కలు నొయ్యంగ వచ్చినయి. కార్ల కూసోని వచ్చినోనివి నీకేం పుట్టింది? బోధన్ల నీ చెరుకు ఒక్క గడ ఇరిస్తె ఊకుంటవా?"

రాజేంద్రప్రసాద్ నోట్లో శనగ నోట్లోనే ఉండిపోయింది. చెరుకు విరిచేవాళ్ల వెంట కర్రతో పడ్డ రైతే ఆయన. "తప్పేనండీ," అన్నాడు తల దించుకుని.

ఆ మాట విన్నవాళ్లు లేరు. బాపురావు కేకకు మంద మొత్తం ఒక్కసారే లేచింది. సిగ్గు మరిచి అందరూ కెమెరాలు పైకెత్తారు. బాతులు నీళ్ల మీదుగా అవతలి ఒడ్డుకేసి పోయి, చుక్కలై, కనబడకుండా పోయాయి.

పొలంలో ఇక ఒక్క బాతు లేదు. ఇన్నాళ్లూ ఆయన కోరుకున్నది అదే. అయినా బాపురావు మనసు చివుక్కుమంది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ల అవతలికి చూస్తూ ఉండిపోయాడు.

"బిడ్డా," అన్నాడు మెల్లగా, "మల్ల వస్తయా?"

సంజన తండ్రిని ఎగాదిగా చూసింది. "నీ సెనిగెలున్నన్ని రోజులు యాడికి పోతయి బాపు? రేపు పొద్దుగాల్లనే వస్తయి."

బాపురావు పొలాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసుకున్నాడు.

"నీళ్ల దిక్కు నాలుగు సాళ్లు వాటికి ఇడుస్త," అన్నాడు. "గది దాటి ఇవుతలికొస్తె మాత్రం ఊకోనని చెప్పు."