మూడో పీరియడ్‌లో భూలక్ష్మి

తొమ్మిదో తరగతి పిల్లల ఇంటర్నెట్ పేజీని శనివారంలోగా మూసేయమని మెమో పంపిన పెద్దలారా, తప్పు మీది. గోడకు ఇంత పెద్ద టీవీ లాంటి ప్యానెల్ బిగించి, దానికి ఇంటర్నెట్ ఇవ్వకుండా వెళ్లిపోయింది మీరు. రెండేళ్లు దాని మీద దుమ్ము పేరుకుంటే తొంగి చూడనిదీ మీరే. ఒక టీచర్ తన సెల్లు నుంచి నెట్ పెట్టి దాన్ని పనిలోకి తెస్తే, ఇప్పుడు సంజాయిషీ అడుగుతున్నారు!

ఎల్‌బీ నగర్ మెయిన్ రోడ్డు వెనుక మా సర్కారు బడి. ఆ టీచర్ పేరు శ్రీకళ, సోషల్ చెప్తుంది. ఇల్లు చైతన్యపురిలో. వాళ్ల అమ్మానాన్నలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. "ఏంటి ఈ గోల?" అని ఆమె అరిస్తే, "ఏంటి కాదు టీచర్, ఏంది" అని పిల్లలు దిద్దుతారు. ఆమె నవ్వేస్తుంది. ఆ నవ్వు వల్లే వాళ్లు నెత్తికెక్కారు.

ఆమె చేసింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచింది. నలభై ఒక్క మంది పిల్లలు ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆ ఒక్క పేజీలోనే రాయవచ్చు, ఒకరిది ఒకరు దిద్దవచ్చు. మర్నాడు మూడో పీరియడ్‌లో దాన్ని ప్యానెల్ మీద తెరిచి పాఠం నడుపుతుంది. మొదటి సాయంత్రం అందరూ "హాయ్ టీచర్" అని రాశారు. అంతలో ఎవడో మొత్తం తుడిచేశాడు.

"ఎవర్రా తుడిచింది?"

"నేను గాదు టీచర్, మా బాపు ఫోనే గట్ల చేస్తది."

సొంత ఫోన్లు ఎక్కడివి వాళ్లకు? అమ్మదో నాన్నదో తీసుకుని రాస్తారు. కాబట్టి పేజీలో పిల్లల పేర్లు పడవు, ఫోను ఎవరిదైతే వాళ్ల పేరు పడుతుంది. అక్బర్ గురించి నగేశ్ టైర్స్ రాస్తాడు. నదుల పేర్లు అంబిక బ్యూటీ పార్లర్ రాస్తుంది. "కొండల్ ఆటో, లేచి నిలబడు, ఇదేం రాత?" అంటే మావాడు లేస్తాడు. ఆ ఆటో నాది.

భూలక్ష్మి పేరుతో రాసేది సంతోషి. మూడో బెంచీ పిల్ల, మీర్‌పేట్ నుంచి బస్సులో వస్తుంది. ఆరో తరగతి నుంచీ క్లాసులో నోరు విప్పింది లేదు. హాజరు పిలిచినా చెయ్యెత్తి ఊరుకుంటుంది. పేజీలో మాత్రం అందరికంటే ఎక్కువ రాసేది ఆ పిల్లే. వాళ్లమ్మ భూలక్ష్మి బాటసింగారం పండ్ల మార్కెట్‌లో బత్తాయిలు ఏరే పని చేస్తుంది. ఆమె ఇంటికి వచ్చాకే సంతోషి చేతికి ఫోను.

పోయిన మంగళవారం పై ఆఫీసు నుంచి జనార్ధన్ సార్ తనిఖీకి వచ్చారు. బడి కమిటీ మెంబర్‌నని నన్నూ పిలిచారు. వెనుక బెంచీలో పక్కపక్కన కూర్చున్నాం. పాఠం మార్కెట్ల గురించి. ముందురోజు పిల్లలు రాసింది ప్యానెల్ మీద ఉంది: "రైతు తన పండ్ల ధరను తానే నిర్ణయిస్తాడు."

ప్యానెల్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఆ వాక్యం కింద అక్షరాలు వాటంతట అవే పడసాగాయి. పక్కన భూలక్ష్మి అని పేరు. సంతోషి చూస్తే బెంచీలోనే ఉంది, చేతిలో పెన్ను తప్ప ఏమీ లేదు. క్లాసంతా ఆమె వైపు తిరిగింది.

"గట్ల కాదు బిడ్డా. రేటు రైతు చెప్పడు. కుప్ప ముందట వేలం పాట పాడుతరు. కొనేటోళ్లు పెంచుకుంట పోతరు. రైతు పక్కకు నిలవడి చూస్తడు."

మార్కెట్‌లో భూలక్ష్మి చాయ్ తాగుతూ ఫోను తీస్తే, బిడ్డ తెరిచి వదిలేసిన పేజీ కనిపించిందట. హోంవర్కులో తప్పుందని దిద్దింది. టైపు చేయడం రాదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయని బిడ్డే నేర్పింది.

శ్రీకళ టీచర్ కింద టైపు చేసింది: "నమస్తే అండీ. క్లాసంతా చూస్తోంది."

తర్వాత ఒక్క మాట: "అయ్యో."

పిల్లలు బెంచీలు చరిచి నవ్వారు. నగేశ్ టైర్స్ కొడుకు చెయ్యెత్తాడు. "టీచర్, ఆంటీని అడుగుండ్రి, మచ్చలున్న బత్తాయిలు ఎటు పోతయ్?"

టీచర్ అడిగింది. "జ్యూస్ బండ్లకు" అని జవాబు.

"థూ! నిన్ననే తాగిన!"

అదీ టైపు చేసింది టీచర్. "తాగితే ఏం గాదు కొడుకా, మచ్చ తోలుకే ఉంటది" అని వచ్చింది. వెంటనే ఇంకో వరుస: "టీచరమ్మా, మా సంతోషి మంచిగ చదువుతదా? ఇంట్ల మస్తు ముచ్చట్లు పెడతది."

సంతోషి బెంచీ మీద తల దాచుకుంది.

జనార్ధన్ సార్ లేచారు. "ఎవరీ భూలక్ష్మి? స్టూడెంటేనా?"

సంతోషి లేచి నిలబడింది. "మా అమ్మ సార్." ఆ గొంతు అంత గట్టిదని మాలో ఎవరికీ తెలియదు. "ఫోన్ అమ్మది సార్. అమ్మను తీసేస్తే నేను గూడ పోత సార్."

సార్ "వెరీ గుడ్" అని తల ఊపి వెళ్లారు. ఈ సోమవారం మెమో దిగింది. పిల్లల పేజీలోకి బయటి వ్యక్తి చొరబడిందట, మూసేయాలట.

నిన్న భూలక్ష్మి పని మానుకుని బడికి వచ్చింది. గేటు దగ్గరే టీచర్ చేతులు పట్టుకుంది. "తప్పు నాదే టీచరమ్మా. ఇంకోపారి అండ్ల ఏలు పెట్ట. నా బిడ్డను రాయనియ్యుండ్రి. మెమో వచ్చిన కాడికెళ్లి ఇంట్ల గూడ మాట్లాడుతలేదు."

"తప్పని ఎవరన్నారండీ? మా పుస్తకంలో లేనిది చెప్పారు మీరు. రేపు కూడా చెప్పాలి."

"మరి సార్లు?"

"సార్లకు నేను రాస్తాను."

రాసింది. "భూలక్ష్మి గారు మా విద్యార్థిని తల్లి. మా పాఠంలో తప్పు దిద్దారు. పేజీ మూయను." హెడ్మాస్టర్ గోపయ్య సార్ చదివి నెత్తి పట్టుకున్నారు. "ఆ ఆఖరి లైను తీసెయ్ తల్లీ, ట్రాన్స్‌ఫర్ చేస్తరు."

"ఉండనివ్వండి సార్."

ఆయన ఇంకోసారి చదివారు. గొణుక్కుంటూనే సంతకం పెట్టారు, బడి స్టాంపు కూడా గుద్దారు.

ఇవాళ గురువారం. పిల్లల భద్రత అంటారు మీరు. నా కొడుకూ అందులో ఉన్నాడు, ఆ భయం నాకూ ఉంది. అందుకే బడి కమిటీ తరఫున అడుగుతున్నాం. పిల్లలందరికీ సొంత పేరుతో రాసే ట్యాబ్‌లు ఇవ్వండి. తల్లిదండ్రులు టీచర్‌ను అడిగి లోపలికి వచ్చే దారి పెట్టండి. అవి మీరు ఇచ్చేదాకా అమ్మ ఫోనుతో రాస్తారు, రాయనివ్వండి. శ్రీకళ టీచర్‌ను కదిలించొద్దు. మెమో రేపే వెనక్కి తీసుకోండి. సోమవారం మూడో పీరియడ్‌లో సంతోషి లేచి నిలబడి మళ్లీ మాట్లాడాలి.